గొంతు వినిపించాకే

కరెంటు సంస్థలో ఆవిడకు మూడు పేర్లు. గది తలుపు మీది ఇత్తడి పలక ఆవిడను ఆపరేషన్స్ డైరెక్టర్ అంటుంది. ఎదురుపడ్డవాళ్ళు మేడమ్ అంటారు. ఆవిడ అటు తిరగ్గానే అటెండరు నుంచి చీఫ్ ఇంజనీరు దాకా అందరి నోటా ఒకటే పేరు, గొంతు మేడమ్. గొంతు శ్రావ్యంగా ఉంటుందని కాదు. ఆవిడ కూనిరాగం తీస్తే కట్టుకున్న భర్తే పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోతాడు. ఆ పేరు వెనక వేరే కథ ఉంది, వరసలో చెప్తాను. తనను ఏమని పిలుస్తున్నారో ఆవిడకు బాగా తెలుసు. తెలియనట్టు కనిపించడం పెద్ద ఉద్యోగాల్లో సగం పని.

ఈ కథ జరిగిన ఏడాది ఆవిడకు యాభై నాలుగేళ్ళు. పాత మేనేజింగ్ డైరెక్టరు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ కావాలని ఆవిడకు ప్రాణం పోయేంత కోరిక. అడిగినవాళ్ళతో మాత్రం, నాకలాంటి ఆశలేం లేవండీ, ఎవరొచ్చినా పని చేసేదాన్నే కదా అని ఎంతో హుందాగా అనేది. లెక్కల మాస్టారైన ఆవిడ భర్తకు ఒకరోజు తన క్లాసు పిల్లల పరీక్ష పేపర్ల వెనక ఏవో కొలతలు కనిపించాయి. పొడవు ఇంత, వెడల్పు ఇంత, అలాంటివి రెండు. ఏ లెక్కకూ అందడం లేదని ఆయన బుర్ర గోక్కుంటుంటే ఆవిడ అత్తగారే తేల్చేసింది. అవి మేనేజింగ్ డైరెక్టరు గది కిటికీలు, మీ ఆవిడ తెరలకు కొలతలు తీసుకుందిరా అని. ఆ పూట ఇంట్లో ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

పోటీకి ఉన్నది ఇంకొక్కడే, సాంకేతిక విభాగం డైరెక్టరు. ఆయనకూ పేరు పెట్టకుండా వదల్లేదు మనవాళ్ళు. బొత్తాల డైరెక్టరు. ఏ పనైనా ఒక్క బొత్తాం నొక్కితే అయిపోవాలనేది ఆయన సిద్ధాంతం. మనిషి చెడ్డవాడేం కాదు. తెలివైనవాడు, తన తెలివి మీద తనకు కాస్త ఎక్కువ నమ్మకం, అంతే.

వీళ్ళిద్దరికీ ఒకే ఒక్క విషయంలో పడేది కాదు. అదేమిటో అర్థం కావాలంటే లైన్ క్లియర్ అంటే ఏమిటో చెప్పాలి. స్తంభం ఎక్కి తీగల మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆ లైన్లో కరెంటు ఆపించుకోవాలి. దాన్నే లైన్ క్లియర్ తీసుకోవడం అంటారు. అది ఒక మనిషి పేరు మీద ఉంటుంది. పని అయ్యాక ఆ మనిషి దాన్ని తిరిగి ఇవ్వాలి, అప్పుడే సబ్‌స్టేషన్‌లో కూర్చున్న ఆపరేటరు కరెంటు వేయాలి. పుస్తకంలో ఉన్నది ఇంతే. కానీ గొంతు మేడమ్ పట్టుబట్టి దానికి ఒక ఆచారం కట్టింది. తీసుకున్న మనిషే, తన సొంత గొంతుతో, జీపులో బిగించిన వైర్‌లెస్ సెట్ నుంచి మాట్లాడాలి. ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అని ఆపరేటరు అడిగితే జవాబు చెప్పాలి. అప్పటిదాకా ఆకాశం కిందపడ్డా కరెంటు రాదు.

ఇంతకీ ఆ పట్టుదల ఎక్కడ పుట్టిందంటే, ముప్పై ఒక్కేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పుడామెకు ఇరవై మూడు. ఒక చిన్న సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా మొదటి ఉద్యోగం. కంకర పరిచిన ఆవరణ, దాని మధ్యలో ఎప్పుడూ తుమ్మెదలా ఝుమ్మనే ట్రాన్స్‌ఫార్మరు, పక్కన ఒక గది. గదిలో గోడ పొడుగునా స్విచ్‌ల ప్యానెల్, ఒక నల్ల టెలిఫోను, అట్ట ఊడిన లాగ్ పుస్తకం, ఒక కాలు పొట్టి కుర్చీ. ఆ కుర్చీలో ఆడపిల్ల కూర్చోవడం అదే మొదటిసారి కనుక, మొదటి వారమంతా చుట్టుపక్కలవాళ్ళు ఏదో ఒక వంకన వచ్చి కంచె బయట నుంచి చూసిపోయారు. ఆమె అవేం పట్టించుకోలేదు. పోయిన కరెంటు తిరిగి ఇచ్చినప్పుడు వీధి వీధంతా ఒక్కసారిగా హమ్మయ్య అనుకుంటుందే, ఆ పని తన చేతిలో ఉందని ఆమెకు పట్టరాని సంబరం. ఇంటికొచ్చి వాళ్ళ నాన్నతో, ఇవాళ నాలుగు వీధుల్ని హమ్మయ్య అనిపించాను అని చెప్పుకునేది.

ఆ సబ్‌స్టేషన్ పరిధిలో లైన్‌మన్ ఒకాయన ఉండేవాడు. ఏం అడిగినా ముందు నిదానం అని, ఆ తర్వాతే జవాబు చెప్పేవాడు కాబట్టి ఆయన పేరు నిదానం బాబాయ్ అయింది. పని కూడా అంతే. పది నిమిషాల పని పావుగంటలో చేసేవాడు కానీ, చేసినచోట ఇంకో పదేళ్ళు ఎవరూ ఎక్కనవసరం లేదు. ఆయన వెంట ఒక హెల్పరు, ఆయన కన్నా ఐదేళ్ళు పెద్దవాడు, బక్కపలచటి మనిషి. మాట తక్కువ.

ఒకరోజు పొద్దున పదిన్నరకు బాబాయ్ బజారు వీధి లైన్ మీద లైన్ క్లియర్ తీసుకున్నాడు. పదకొండున్నరకు నల్ల ఫోను మోగింది. మందుల కొట్టు నుంచి హెల్పరు మాట్లాడుతున్నాడు. పని అయిపోయింది, దిగిపోయారు, కరెంటు ఇచ్చేయమన్నారు అని. ఇచ్చేది ఇలాగే. ఎవరో ఒకరు చెప్పడం, వేసేయడం, ఊరంతా ఇదే పద్ధతి. ఆమె లాగ్ పుస్తకంలో టైము రాసి స్విచ్ వేసింది.

బాబాయ్ దిగిన మాట నిజమే. దిగాక నడుముకు చూసుకుంటే తీగలు కత్తిరించే కటింగ్ ప్లేయర్ లేదు. పైన అడ్డకమ్మీ మీద పెట్టి మరిచిపోయాడు. మళ్ళీ ఎక్కాడు. సగం పైగా ఎక్కేసరికి కింద సెలూన్ తలుపులోంచి కనిపిస్తున్న ఫ్యాను మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకో రెండు మూరలు ఎక్కి ఉంటే తీగ తగిలేది. జీవితంలో మొదటిసారి నిదానం మరిచిపోయి ఆయన అమాంతం దూకేశాడు. ఎవరో ఇల్లు కట్టడానికి పోయించిన ఇసుక కుప్ప కింద ఉండబట్టి చీలమండ విరగడంతో సరిపోయింది.

ఆమె ఆయన్ను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళింది. రాజీనామా కాగితం రాసి చేతిలో పట్టుకుని మరీ వెళ్ళింది. గది మూలన హెల్పరు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఏదో తొందరపడి ఫోన్ చేశాడు పాపం అని ఆమె అనుకుంది. బాబాయ్ ఆ కాగితం తీసుకుని చదివి, నాలుగు మడతలు పెట్టి తలగడ కింద పెట్టేసుకున్నాడు.

"కాలు నాది, ఆరు వారాల్లో అతుక్కుంటుంది. ఉద్యోగం నీది, పోతే అతుక్కోదు. దిగుతుంటే జారానని నేను రాసిచ్చేశానమ్మా. కానీ ఒక్క మాట ఇయ్యి. నా గొంతు వినకుండా ఇంకెప్పుడూ కరెంటు వెయ్యకు. నాదే కాదు, ఎవరిదైనా అంతే."

ఆమె ఏడుస్తూనే మాట ఇచ్చింది. ఆ ఇచ్చిన మాటే ఆమె ఉద్యోగ జీవితం అయింది.

ఆ తర్వాత ఎవరు ఫోన్ చేసినా ఆమె దగ్గర పప్పులుడికేవి కావు. ఒక పెద్ద ఆఫీసరు ఇంట్లో విందు. లైన్‌మన్ పని ముగించి, లైన్ క్లియర్ తిరిగి ఇవ్వకుండా భోజనానికి వెళ్ళిపోయాడు. అతిథులు చెమటలు కక్కుతున్నారు. ఆఫీసరు స్వయంగా ఫోన్ చేసి, మనిషి దిగడం నా కళ్ళారా చూశాను, వెయ్యి అన్నాడు. మీ గొంతు కాదు సార్ నాకు కావలసింది అందామె. నలభై నిమిషాలు ఫ్యాన్లు తిరగలేదు. మర్నాడు ఆయన అగ్గి మీద గుగ్గిలంలా సబ్‌స్టేషన్‌కు వచ్చాడు. లాగ్ పుస్తకం తెరిచి అదంతా చదివాడు. ప్రతి పనికీ ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు, ఎవరి గొంతు, ఎన్ని గంటలకు అని వరసగా రాసి ఉంది. పుస్తకం మూసి, ఆ కుర్చీ కాలు సరిచేయించండి ముందు అని అక్కడి ఇంజనీరును తిట్టి వెళ్ళిపోయాడు. ఆర్నెల్లలో ఆమెకు ప్రమోషన్ వచ్చింది.

అసిస్టెంట్ ఇంజనీరుగా వెళ్ళినచోటల్లా ఆచారాన్ని వెంట తీసుకెళ్ళింది. మొదట్లో అందరూ నవ్వేవారు. ఈవిడ గారికి గొంతు పిచ్చి అనేవారు, గొంతు మేడమ్ అన్న పేరు అప్పటిదే. ఒక్కో ప్రమోషన్‌కూ నవ్వేవాళ్ళు తగ్గి, పాటించేవాళ్ళు పెరిగారు. డివిజను మొత్తానికి పాకింది, తర్వాత జిల్లాకు, ఆవిడ చీఫ్ ఇంజనీరు అయిన ఏడాది సంస్థ మొత్తానికి అచ్చులో నియమంగా వచ్చింది. ఇంట్లోనూ తప్పలేదు. భార్యాభర్తలు పోట్లాడుకుంటే, పోట్లాట మొదలుపెట్టిన మనిషే తన నోటితో అయిపోయింది అనాలి, అత్తగారి చేత కబురు పంపితే చెల్లదు. మాస్టారు ఎన్నోసార్లు తల్లిని రాయబారానికి పంపి భంగపడ్డాడు.

సెల్‌ఫోన్లు వచ్చాక కుర్రకారు ఇంజనీర్లు, జీపు దాకా నడవడం దేనికి, జేబులో ఫోను ఉంది కదా అన్నారు. ఆవిడకూ సబబే అనిపించింది. అప్పటికి రిటైరు కాబోతున్న బాబాయ్ ఒప్పుకోలేదు. ఎప్పుడూ లేనిది ఆవిడ ఆఫీసుకు వచ్చి, జీపు దగ్గరికి వెళ్ళే మాట్లాడాలి, ఇది మాత్రం మార్చకమ్మా అని గట్టిగా చెప్పి వెళ్ళాడు. ఆయన పట్టు ఏమిటో ఆవిడకు అంతుపట్టలేదు కానీ, ఆయన మాట కాబట్టి మార్చలేదు.

ఇదిగో, ఈ నియమాన్నే బొత్తాల డైరెక్టరు తీసేయమంటున్నాడు. లైన్‌మన్ ఫోన్లో ఒక బొత్తాం నొక్కితే ఆపరేటరు తెర మీద పచ్చదీపం వెలుగుతుంది, అది చాలు, ప్రతి పనికీ పన్నెండు నిమిషాలు మిగులుతాయి అని. పన్నెండు నిమిషాలంటే ఎన్ని ఇళ్ళు, ఎన్ని పిండిమరలు, ఎన్ని ఆసుపత్రులు అని తెర మీద బొమ్మలు గీసి చూపించాడు. బోర్డు సభ్యులకు అది నచ్చింది. కుర్చీ ఎవరికన్నది శుక్రవారం బోర్డు తేలుస్తుంది. ఎవరికి కుర్చీ వస్తే వాళ్ళ పద్ధతే నిలుస్తుందని అందరికీ తెలుసు.

గురువారం కొత్త సబ్‌స్టేషన్ ప్రారంభోత్సవం. బోర్డు ఛైర్మన్ వేదిక మీద బొత్తాం నొక్కగానే భవనం చుట్టూ కట్టిన దీపాలు వెలగాలి. ఆవిడ రెండు గంటలు ముందే వెళ్ళి ఆవరణ అంతా కలియదిరిగింది. గేటు బయటి స్తంభం మీద ఒక తీగ బిగింపు వదులుగా కనిపించింది. రేపు చూద్దాం మేడమ్ అన్నాడు అక్కడి ఇంజనీరు. ఆవిడ వినలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత సరదా పుట్టి, తన పేరు మీదే లైన్ క్లియర్ తీసుకుని, నలుగురిని ఎక్కించి, కింద నిలబడి చూస్తూ పని చేయించింది. అయిపోయింది. నలుగురూ దిగారు. సరిగ్గా అప్పుడే ఛైర్మన్ కారు చెప్పిన టైము కన్నా ముందే వచ్చేసింది. ఎవరో పూలగుత్తి చేతిలో పెట్టారు, ఇంకెవరో మోచెయ్యి పట్టుకుని వేదిక మీదికి నడిపించారు. జీపు డ్రైవరు మేడమ్, మేడమ్ అంటూ పది అడుగులు వెంట వచ్చాడు, జనంలో ఆ మాట కలిసిపోయింది.

ఛైర్మన్ నాలుగు మంచి మాటలు చెప్పి బొత్తాం నొక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దీపాలు వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. ఈసారి చప్పట్లు తక్కువ. చీఫ్ ఇంజనీరు మైకు పక్కనే నిలబడి లోపలి ఆపరేటరుకు ఫోన్ కలిపాడు. కంగారులో స్పీకర్ నొక్కాడేమో, మాటలన్నీ షామియానా అంతా వినిపించాయి. ఆపరేటరు ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైన అమ్మాయి.

"ఈ లైన్ మీద ఒక లైన్ క్లియర్ తిరిగి రాలేదు సర్," అంది ఆ పిల్ల.

ఎవరిదని ఉరిమాడు చీఫ్ ఇంజనీరు.

"డైరెక్టరు మేడమ్ గారిది సర్."

వేదిక ముందు కూర్చున్న ఆరువందల మంది సిబ్బందీ ఆవిడ వైపు తిరిగారు. తర్వాత వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు, అది పాకింది. ఆవిడ ఇక్కడే నా పక్కనే ఉన్నారు, నువ్వు వెయ్యి అన్నాడు చీఫ్ ఇంజనీరు. చాలా మంచిది సర్, జీపు దాకా వెళ్ళి చెప్పమనండి అంది ఆ పిల్ల. గొంతు కొంచెం వణికింది కానీ మాట వణకలేదు.

గొంతు మేడమ్ పూలగుత్తి కుర్చీలో పెట్టి వేదిక దిగింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, సంతోషంతో లోపల గంతులేయాలనిపిస్తోంది, రెండూ ఒకేసారి. జీపు దగ్గరికి వెళ్ళేముందు నలుగురినీ మళ్ళీ లెక్కపెట్టుకోవాలి కదా. ముగ్గురు టీ బల్ల దగ్గర దొరికారు. నాలుగోవాడు లేడు. ఆవిడ, ఇంజనీర్లు, పూలదండలు పట్టుకున్నవాళ్ళు అందరూ కలిసి వెతికితే, పద్నాలుగు నిమిషాలకు భవనం వెనక నీడలో, ముఖం మీద హెల్మెట్ పెట్టుకుని హాయిగా నిద్రపోతూ కనిపించాడు. అప్పుడు ఆవిడ జీపు ఎక్కి సెట్ అందుకుంది. ఎవరు మాట్లాడుతున్నారు అని ఆ పిల్ల అడిగింది, తెలియనట్టే. ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు అని అడిగింది. నలుగురు, నలుగురు అని ఆవిడ బుద్ధిగా జవాబు చెప్పింది. ఇరవై రెండు నిమిషాల ఆలస్యంతో దీపాలు వెలిగాయి. చప్పట్లు ఛైర్మన్‌కు కాదు, కంట్రోల్ గదిలోని ఆ పిల్లకు పడ్డాయి.

శుక్రవారం బోర్డు గదిలో చప్పట్లేం లేవు. పొడుగాటి బల్ల, ఏడుగురు సభ్యులు, ఎవరూ ముట్టుకోని నీళ్ళ సీసాలు. బొత్తాల డైరెక్టరు కుండబద్దలు కొట్టినట్టు అడిగాడు. నిన్న నలుగురూ నేల మీదే ఉన్నారు. ఒకడైతే నిద్రపోతున్నాడు. మరి ఇరవై రెండు నిమిషాలు ఎవరి ప్రాణం కాపాడినట్టు? నియమం రాసిన మనిషే మరిచిపోయే నియమం ఏం నియమం? సభ్యుల్లో ముగ్గురు తల ఊపారు. ఛైర్మన్ ఆవిడ వైపు తిరిగి, ముప్పై ఏళ్ళుగా దీన్ని ఇంత ఉడుంపట్టు పట్టుకున్నారెందుకు, ఆ కారణం చెప్పండి చాలు అన్నాడు.

భద్రతా పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు అప్పచెప్పవచ్చు. ఆవిడకు అవి నోటికి వచ్చు. అవి చెబితే కుర్చీకి ఢోకా ఉండకపోవచ్చు. అసలు కారణం చెబితే, ఒక మనిషిని చంపబోయి, దాన్ని దాచిపెట్టి, ఇంత పైకి వచ్చినదాన్నని ఒప్పుకోవడమే. ఆవిడ నీళ్ళు నమల్లేదు.

"గొంతు వినకుండా ఒకసారి నేను కరెంటు వేశాను. మనిషి స్తంభం మీద ఉన్నాడు," అంది.

అంతా చెప్పింది. మందుల కొట్టు ఫోను, హెల్పరు తొందరపాటు, ఇసుక కుప్ప, తలగడ కింద దాచిన రాజీనామా. ఇది రికార్డుల్లో ఉందా అని ఛైర్మన్ అడిగాడు. లేదంది. కాసేపు బయట కూర్చోమన్నాడు.

వరండాలో గోడ పక్క బెంచీ మీద కూలబడింది ఆవిడ. కుర్చీ చేజారినట్టే అనుకుంది. విచిత్రం ఏమిటంటే, ఒళ్ళు తేలికైనట్టుంది. కానీ బాబాయ్ దాచిన మాటను ఆయనకు చెప్పకుండా బయటపెట్టేశానే అని గుర్తొచ్చి ఫోన్ కలిపింది. ఆయనకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది. తొమ్మిదిసార్లు మోగాక ఎత్తాడు. ఆవిడ జరిగింది చెప్పి, క్షమించు బాబాయ్ అంది.

"హెల్పరు తొందరపడ్డాడని చెప్పావా?" అని అడిగాడు ఆయన.

చెప్పానంది.

"తప్పమ్మా. వాడు తొందరపడలేదు. వెళ్ళి ఇచ్చేయమని చెప్పు అని వాణ్ణి పంపింది నేనే. వాడు వీధి మలుపు తిరిగాక ప్లేయర్ గుర్తొచ్చింది. ఒక్క నిమిషంలో దిగేస్తాను కదా అని ఎక్కేశాను. ఆసుపత్రిలో నువ్వు ఏడుస్తుంటే చెబుదామనుకున్నా, నోరు రాలేదు. వాడు నా వైపు చూశాడు, నేను తల తిప్పుకున్నా. వాడు చచ్చిపోయేదాకా ఎవరితోనూ అనలేదు. నీ ఉద్యోగం కాపాడానని నువ్వు దండం పెట్టినప్పుడల్లా నాకు ముల్లు గుచ్చుకున్నట్టుండేది."

ఫోన్ మాట్లాడేవాడు స్తంభం మీద ఉండకూడదని, జీపు దాకా నడిచి వెళ్ళాల్సిందేనని ఆయన ఎందుకంత పట్టుపట్టాడో ఆవిడకు అప్పుడు తెలిసింది. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం చూసుకుంది. రాలేదు. ముప్పై ఒక్కేళ్ళుగా మోస్తున్న బరువులో సగం ఆయన కూడా మోస్తున్నాడని తెలిసి, ఆ వరండాలో, అటెండరు చూస్తుండగా, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే పకపకా నవ్వేసింది. ఇంతకాలం ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం దండాలు పెట్టుకున్నాం కదా బాబాయ్ అంది. ఆయన కూడా నవ్వాడు. తర్వాత, నన్ను లోపలికి తీసుకెళ్ళు, ఇది నేనే చెప్పాలి అన్నాడు.

పిలుపు రాకముందే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, ఇందాక ఒక మాట తప్పు చెప్పాను, సరిదిద్దే మనిషి లైన్లో ఉన్నాడని ఆవిడ ఫోన్‌ను బల్ల మధ్యలో పెట్టింది. ఆ ముసలి గొంతు తన పేరూ, తాను ఉద్యోగం చేసిన ఏళ్ళూ చెప్పుకుని, జరిగింది జరిగినట్టు నిదానంగా చెప్పింది. దాచింది తానే అంది. హెల్పరుది తప్పు లేదని రెండుసార్లు అంది.

మొదట మాట్లాడింది బొత్తాల డైరెక్టరే. ముందున్న కాగితాలు ఒక పక్కకు జరిపి, నా బొత్తాం స్తంభం మీద నుంచి కూడా నొక్కవచ్చు, ఆ సంగతి నాకు తట్టనే లేదు అన్నాడు. నిజానికి ఈ మాట అనడానికి కూడా ఒక దమ్ము కావాలి. ఆయన మీద గొంతు మేడమ్‌కు ఆ రోజు పుట్టిన గౌరవం తర్వాత ఎప్పుడూ తగ్గలేదు. ఛైర్మన్ ఫోన్ వైపు వంగి, ఈ మాటలు రాయించి పంపిస్తే సంతకం పెడతారా అని అడిగాడు.

"పెడతానయ్యా. ఇంతకీ మా అమ్మాయికి ఆ కుర్చీ ఇస్తున్నారా లేదా? తొందరగా చెప్పండి, పొయ్యి మీద కూర మాడిపోతోంది."

నిదానం బాబాయ్ ఇంకొకరిని తొందరపెట్టడం విని ఆవిడ నిర్ఘాంతపోయింది. ఛైర్మన్ సభ్యుల వైపు చూశాడు. బొత్తాల డైరెక్టరు అందరికన్నా ముందు చెయ్యి ఎత్తాడు. ఇస్తున్నామండీ, మీరు కూర చూసుకోండి అన్నాడు ఛైర్మన్. ఆ విధంగా ఆ సంస్థ మేనేజింగ్ డైరెక్టరు నియామకం ఒక రిటైర్డు లైన్‌మన్‌కు ఫోన్లో చెప్పిన జవాబుగా జరిగింది. మినిట్స్ పుస్తకంలో ఇలా ఉండదు లెండి, వాటిలో కూరల ప్రస్తావన రాయరు.

కొత్త హోదాలో ఆవిడ రాయించిన మొదటి కాగితం మూడు వాక్యాలది. ఫలానా ప్రమాదంలో ఫలానా హెల్పరు తనకు చెప్పమన్న మాటే చెప్పాడనీ, అతని వల్ల ఏ పొరపాటూ జరగలేదనీ, ఇన్నేళ్ళు ఈ విషయం అతని కుటుంబానికి తెలియజేయనందుకు సంస్థ క్షమాపణ కోరుతోందనీ. సంతకం పెట్టి, పోస్టులో పంపకుండా తనే పట్టుకుని బయల్దేరింది. పోతూ పోతూ దారిలో బాబాయ్‌ను ఎక్కించుకుంది.

హెల్పరు కూతురు ఒక చిన్న టైలరింగ్ కొట్టు నడుపుతోంది. కుట్టు మిషను ఆపి, కాగితం తీసుకుని నిలబడే చదివింది. మళ్ళీ చదివింది. ఆమెకు అప్పట్లో పదేళ్ళు. ఆ ప్రమాదం జరిగిన రోజు మా నాన్న అన్నం తినలేదు, ఎందుకో ఎంత అడిగినా చెప్పలేదు, తోటివాళ్ళు మాత్రం తప్పు ఆయన మీదే వేసేవారు అంది. బాబాయ్ ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. క్షమించమ్మా అని ఆయన అనబోతుంటే ఆమె ఆపి, గుడ్డముక్కలు పరిచిన బల్ల ఖాళీ చేసి, ముందు కూర్చోండి అంది. ఎదురు కొట్టు నుంచి భర్తను కేకేసి పిలిచి, ఇదిగో, మా నాన్నది తప్పు లేదని వాళ్ళ పెద్ద మేడమే రాసిచ్చారు, చదువు అంది. అతను చదువుతుంటే పక్కన నిలబడి ప్రతి మాటకూ తల ఊపుతూ, మూడో వాక్యం దగ్గరికి వచ్చేసరికి నవ్వుతూనే ఏడ్చేసింది.